అడుగు తీరు, వెదకు శ్రమ

శంషాబాదు విమానాశ్రయములో అర్ధరాత్రి దాటిన పిమ్మట సందడి హెచ్చును. గల్ఫు దేశములకు పోవు విమానములును, అచటనుండి వచ్చు విమానములును పెక్కు ఆ వేళలయందే నడచుచుండును. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములు తమవారిని సాగనంపుటకై వాకిట నిలిచియుండును. లోపల, పెట్టెలు తూచి తీసికొను కౌంటరువద్ద, ప్రయాణికుడు తన కాగితమును చూపును. అచటి ఉద్యోగిని ఆరు అక్షరముల బుకింగు సంకేతమును యంత్రముపై కొట్టును. మరుక్షణమున ఆతని పేరు, కూర్చుండు చోటు, తీసికొనిపోదగిన సామాను బరువు తెరపై కనబడును. ఆ క్షణమును గూర్చి మనము ఆలోచింపము. అది పదునేడు సెకండ్లకు సాగినప్పుడు మాత్రము, వరుస కదలుట లేదని విసుగుకొందుము.

క్షణమునకును పదునేడు సెకండ్లకును నడుమగల ఈ భేదము యంత్రముయొక్క బలాబలములవలన కలిగినదని పలువురు తలంతురు. కొన్నియెడల అది నిజమే. కాని పెక్కుసార్లు ఆ భేదము ప్రశ్నను వ్రాసిన తీరులోనే ఇమిడియుండును. ఒకే సంగతిని రెండు మూడు విధముల అడుగవచ్చును. ఒక విధముగా అడిగినచో యంత్రము నాలుగు పుటలు త్రిప్పి జవాబు చెప్పును. మరియొక విధముగా అడిగినచో మూడులక్షల పుటలు త్రిప్పి అదే జవాబు చెప్పును. వీటిలో ఏది మేలో నిర్ణయించుట ఎట్లు? దీనినే ఈ వ్యాసమున విచారింతము.

మొదట ఆ పుటల సంగతి తెలిసికొందము. బేగంపేటనుండి వాణిజ్య విమానములు 2008 మార్చి 23వ తేదీన శంషాబాదునకు తరలివచ్చెను. సుమారు 5,500 ఎకరముల నేలపై వెలసిన ఈ విమానాశ్రయముగుండ 2023-24 ఆర్థిక సంవత్సరములో రెండున్నర కోట్లమంది రాకపోకలు సాగించిరి. అనగా సగటున దినమునకు 68 వేలమంది. ఒక్కొక్క ప్రయాణమునకు ఒక్కొక్క పంక్తి చొప్పున వ్రాసిన పెద్ద పట్టిక నొకదానిని ఉదాహరణకై ఊహించుకొందము. ఏడాదికి రెండున్నర కోట్ల పంక్తులగును. ఇట్టి పట్టికల భాండారమునకు డేటాబేసు అనియు, దానిని అడుగు ప్రశ్నకు క్వెరీ అనియు పేర్లు. యంత్రము ఈ పంక్తులను ఒక్కొక్కటిగా చదువదు. పుటలు పుటలుగా చదువును. ఒక్కొక్క పుటకు ఎనిమిది కిలోబైట్లు, అందు ఎనుబది పంక్తులు పట్టుననుకొన్నచో, మన పట్టిక మొత్తము 3,12,500 పుటల గ్రంథమగును. సెకండునకు 150 మెగాబైట్లు చదువగల డిస్కునుండి ఈ గ్రంథమును మొదటినుండి తుదివరకు చదువుటకు ఇంచుమించు పదునేడు సెకండ్లు పట్టును. మేము పైన చెప్పిన లెక్క ఇదియే.

మరి ఆరు అక్షరములు కొట్టినంతనే జవాబు వచ్చుటెట్లు? ఈ రహస్యము శంషాబాదు పరిసర గ్రామముల పెద్దలకు కొత్తది కాదు. వెనుకటి దినములలో పట్వారీవద్ద పహాణీ ఉండెడిది. అందు భూములు సర్వే నెంబర్ల వరుసను వ్రాయబడియుండును. ఫలానా సర్వే నెంబరు ఎవరిదని అడిగినచో పట్వారీ తిన్నగా ఆ పుటను తీసి చెప్పును. ఫలానా రైతునకు ఊరిలో ఎన్ని తునకల నేల కలదని అడిగినచో పుస్తకమంతయు త్రిప్పవలసివచ్చును. పేర్ల వరుసను మరియొక చిన్న పట్టీ వ్రాసి, ప్రతి పేరునకు ఎదురుగా సర్వే నెంబర్లను గుర్తించి పెట్టుకొన్నచో ఆ శ్రమ తప్పును. డేటాబేసులో ఇట్టి చిన్న పట్టీనే ఇండెక్సు అందురు.

నేడు విశేషముగా వాడుకలోనున్న ఇండెక్సు రూపమును రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అను ఇరువురు 1970 ప్రాంతమున కల్పించిరి. వారప్పుడు విమానములు నిర్మించు బోయింగు సంస్థయొక్క పరిశోధనశాలలో పనిచేయుచుండిరి. దానికి బి-వృక్షమని పేరు. ఒక్కొక్క ఇండెక్సు పుటలో మూడువందల గుర్తులు పట్టుననుకొందము. మొదటి పుట మూడువందల పుటలకు దారి చూపును. వాటిలో ప్రతి పుటయు మరి మూడువందలకు దారి చూపును. మూడు అంచెలలో 300ను 300తోను, మరల 300తోను హెచ్చవేసినచో 2,70,00,000 అగును. మన రెండున్నర కోట్ల పంక్తులును అందు ఇమిడిపోవును. కావున సంకేతము తెలిసిన ప్రయాణికుని వెదకుటకు మూడు ఇండెక్సు పుటలు, ఒక పట్టిక పుట, వెరసి నాలుగు పుటలు చాలును.

ఇక ప్రశ్నను వ్రాయు తీరునకు వత్తము. ఉద్యోగిని తొందరలో సంకేతమును చిన్న ఇంగ్లీషు అక్షరములలో కొట్టినదనుకొందము. పట్టికలో సంకేతములన్నియు పెద్ద అక్షరములలో ఉన్నవి. ఒక కార్యక్రమకర్త ఇట్లు వ్రాసెను: “పట్టికలోని ప్రతి సంకేతమును చిన్న అక్షరములలోనికి మార్చి, ఈ కొట్టినదానితో సరిపోయినదానిని తెమ్ము.” మరియొకడు ఇట్లు వ్రాసెను: “ఈ కొట్టినదానిని పెద్ద అక్షరములలోనికి మార్చి, పట్టికలో అట్టి సంకేతమును తెమ్ము.” జవాబు ఒక్కటే. కాని మొదటివాడు రెండున్నర కోట్ల సంకేతములను మార్పించెను. రెండవవాడు ఒక్కదానిని మార్పించెను. ఇండెక్సు పెద్ద అక్షరముల వరుసను కట్టబడినది గనుక మొదటి ప్రశ్నకు అది అక్కరకు రాదు. యంత్రము గ్రంథమంతయు చదువవలసినదే. రెండవ ప్రశ్నకు నాలుగు పుటలు చాలును. చేతిలోనున్న ఒక్కదానిని మార్చవలెను గాని కొట్టులోనున్న కోట్లను మార్చరాదు. ప్రశ్నలు వ్రాయువారు మొట్టమొదట నేర్వదగిన సూత్రమిదియే.

తేదీలయందును ఇదే సూత్రము వర్తించును. పట్టికలో ప్రతి ప్రయాణమునకు తేదీయు గడియారపు వేళయు కలిపి ఒకేచోట వ్రాయబడినవనుకొందము. ఒక దినపు ప్రయాణికులందరును కావలెను. “ప్రతి వేళనుండియు తేదీని విడదీసి, అది మార్చి 23 అగునేమో చూడుము” అనుట ఒక తీరు. “మార్చి 23 అర్ధరాత్రి మొదలుకొని, మార్చి 24 అర్ధరాత్రికి ముందువరకు గల వేళలను తెమ్ము” అనుట మరియొక తీరు. మొదటిదానికి 3,12,500 పుటలు చదువవలసివచ్చును. రెండవదానికి, ప్రయాణములు వేళ వరుసను నిలువయుండి, వేళపై ఇండెక్సు ఉన్నయెడల, ఆ దినపు 68 వేల పంక్తులుగల 850 పుటలును, రెండువందల పైచిలుకు ఇండెక్సు పుటలును చాలును. ఇంచుమించు 1,100 పుటలనుకొన్నను, శ్రమ 280 రెట్లు తగ్గినది.

ఇచట ఒక చిన్న మెలిక కలదు. “23 మొదలు 24 వరకు” అని రెండు కొసలను కలుపుకొని వ్రాసినచో, సరిగా 24 అర్ధరాత్రి బయలుదేరు విమానపు ప్రయాణికులు రెండు దినముల లెక్కలలోను పడుదురు. అదియునుగాక విమానయాన ప్రపంచమంతయు లెక్కలకై వాడునది గ్రీనిచ్చిని అనుసరించిన సార్వత్రిక కాలము. మన కాలము దానికి ఐదున్నర గంటలు ముందున్నది. శంషాబాదులో మార్చి 23 అర్ధరాత్రి అయినప్పుడు సార్వత్రిక కాలము ఇంకను మార్చి 22 సాయంకాలము ఆరున్నరయే. పట్టికలో ఆ కాలము వ్రాయబడియున్నచో ప్రశ్నయొక్క హద్దులను కూడ అట్లే మార్చుకొనవలెను. లేకున్నచో ప్రశ్న వేగముగానే నడచును, జవాబు మాత్రము వేరొక దినమునకు చెందియుండును.

వెదకు దారిని యంత్రమే ఎన్నుకొనరాదా అని చదువరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ ఇట్టి పట్టికల పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ఆతని ఉద్దేశము సరిగా అదియే. మనుష్యుడు ఏమి కావలెనో చెప్పవలెను. ఎట్లు వెదకవలెనో యంత్రము చూచుకొనవలెను. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు ఆ భావమునకు తగిన ప్రశ్నభాషను రచించిరి. నేడు ఎస్.క్యు.ఎల్. అని పిలువబడునది దాని సంతతియే. 1979లో పట్రీషియా సెలింజరును ఆమె సహచరులును, ఒక ప్రశ్నకు గల పలుదారులలో ఒక్కొక్కదాని ఖర్చును ముందుగానే అంచనావేసి, తక్కువ ఖర్చుగలదానిని ఎన్నుకొను ఉపాయమును ప్రకటించిరి. ఈ పనిని చేయు భాగమును ఆప్టిమైజరు అందురు. దాని చలువవలననే నేడు పెక్కు ప్రశ్నలు ఎట్లు వ్రాసినను ఒకే దారిని నడచును.

కాని ఆప్టిమైజరు సర్వజ్ఞము కాదు. కొన్ని మాటల పొందికలలో అంతరార్థమును గుర్తించును, కొన్నింటిలో గుర్తింపలేదు. అక్షరములను మార్చిన ప్రశ్నలో అది తబ్బిబ్బు పడుటకు కారణమిదియే. అది గుర్తించునవి కూడ కాలమునుబట్టి మారుచుండును. మై-ఎస్.క్యు.ఎల్. అను ప్రసిద్ధ డేటాబేసులో ప్రశ్నలోపల ప్రశ్నను ఇమిడ్చి వ్రాసినచో, లోపలి ప్రశ్న బయటి ప్రతి పంక్తికిని మరల మరల నడచుట పూర్వము తరచు సంభవించెడిది. 2013లో స్థిరపడిన 5.6వ కూర్పులో ఆ లోపమును చాలవరకు సవరించిరి. కావున ఫలానా తీరు ఎల్లప్పుడును మందమని బట్టీపట్టుట కంటె, మన యంత్రములో నేడు ఏమి జరుగుచున్నదో చూచుట మేలు.

ఇంతవరకు రెండు తీరులును ఒకే జవాబు చెప్పుననుకొన్నాము. కాని ఇంతకంటె బరువైన సంగతి ఒకటి కలదు.

1985 జూన్ 23వ తేదీన ఎయిరిండియావారి కనిష్క విమానము ఐర్లండు తీరమునకు సమీపమున, ఆకాశముననే బాంబు ప్రేలి కూలిపోయెను. అందున్న 329 మందియు మరణించిరి. ఆ బాంబు ఒక పెట్టెలో ఉండెను. ఆ పెట్టెను కెనడాలోని వాంకోవరులో అప్పగించిన ప్రయాణికుడు విమానము ఎక్కలేదు; పెట్టె మాత్రము టొరాంటోలో ఆ విమానములోనికి చేరెను. అప్పటినుండి పెట్టెకును ప్రయాణికునికిని పొత్తు కుదురవలెనను నియమమునకు ప్రపంచమంతట ప్రాధాన్యము హెచ్చెను. అంతర్జాతీయ విమానయాన సంస్థయొక్క రక్షణ నిబంధనలు దీనిని విధించుచున్నవి. పెట్టెను అప్పగించి తాను ఎక్కనివాని సామానును, ప్రత్యేకముగా తనిఖీ చేసిననే తప్ప, విమానములో పోనీయరాదు. కడపటి పిలుపు తరువాత కూడ ఒక ప్రయాణికుడు రానిచో ఆతని పెట్టెను వెదకి దింపుటకై విమానము ఆలస్యమగుట మనలో కొందరికి అనుభవమే.

ఈ నియమమును ప్రశ్నగా వ్రాసినచో ఇట్లుండును: ఏ పెట్టెల యజమానులు ఎక్కినవారి జాబితాలో లేరు? దీనిని రెండు తీరుల వ్రాయవచ్చును. మొదటి తీరు: “ఎవని సంఖ్య ఎక్కినవారి సంఖ్యలలో ఒకటి కాదో, ఆతని పెట్టెను చూపుము.” రెండవ తీరు: “ఏ పెట్టెకు సరిపడు పంక్తి ఎక్కినవారి జాబితాలో లేదో, దానిని చూపుము.” తెలుగులో రెండును ఒకటే. ఎస్.క్యు.ఎల్. భాషలో అట్లు కాదు.

ఎక్కినవారి జాబితాలో ఒక్క పంక్తియందు సంఖ్య ఖాళీగా ఉన్నదనుకొందము. గేటువద్ద కాగితము సరిగా చదువబడలేదు, లేక మరేదో పొరపాటు. ఈ భాషలో ఖాళీ అనగా సున్న కాదు. “తెలియదు” అని అర్థము. ఇప్పుడు మొదటి తీరున అడిగినచో యంత్రము ఇట్లు తర్కించును: ఈ పెట్టె యజమాని ఎక్కినవారిలో కనబడుట లేదు, కాని ఒక పేరు తెలియకున్నది, ఆ తెలియనివాడు ఇతడే కావచ్చును, కనుక ఇతడు ఎక్కలేదని చెప్పజాలను. నిశ్చయముగా అవునన్నదానినే అది చూపును, తెలియనిదానిని చూపదు. ఇదే తర్కము ప్రతి పెట్టెకును వర్తించును. ఫలితముగా తెరపై ఒక్క పెట్టెయు కనబడదు. చూచినవాడు అన్నియు సరిగానున్నవని అనుకొనును. రెండవ తీరున అడిగినచో ఖాళీ పంక్తి ఏ పెట్టెకును సరిపడదు గనుక, యజమాని ఎక్కని పెట్టెలన్నియు చూపబడును. సంఖ్య చదువబడనివాని పెట్టె కూడ వాటితో చూపబడును. దానిని మనుష్యుడు పరిశీలించి తీర్చుకొనును. వలసినదానికంటె ఒక పెట్టె ఎక్కువ కనబడుట నష్టము కాదు. కనబడవలసినది కనబడకుండుటయే నష్టము.

ఈ రెంటికి వేగములోను భేదము రావచ్చును. దినమునకు బయలుదేరువారు 34 వేలమంది, పెట్టెలు 25 వేలు అనుకొందము. ప్రతి పెట్టెకును జాబితానంతయు త్రిప్పి చూచినచో 85 కోట్ల పోలికలు కావచ్చును. రెండు జాబితాలను ఒక్కొక్కమారు చదివి, సంఖ్యలనుబట్టి అరలలో సర్ది జతపరచినచో 59 వేల పంక్తులు చదివినంతనే పని తీరును. రెండవ తీరున వ్రాసిన ప్రశ్నకు ఆప్టిమైజరులు సాధారణముగా ఈ సుళువైన దారిని పట్టును. మొదటి తీరునకు, ఖాళీల భయమువలన, కొన్ని డేటాబేసులు ఆ దారిని పట్టజాలవు. అట్లని ఎల్లప్పుడును వేగమును నిజమును ఒకేవైపున ఉండుననుకొనరాదు. ఒకవేళ మొదటిదే వేగవంతమైనను దానిని మెచ్చుకొనుటకు వీలులేదు. తప్పు జవాబును త్వరగా చెప్పుట నేర్పు కాదు.

కావున రెండు ప్రశ్నలను పోల్చదలచినవారు పాటింపవలసిన క్రమమును మేము ఇట్లు చెప్పుదుము. మొదట, రెండును ఒకే జవాబు చెప్పుచున్నవా అని చూడవలెను. మంచి పంక్తులతోనే గాక ఖాళీ గడులతోను, ఒకటికి రెండుమార్లు పడిన పంక్తులతోను, అర్ధరాత్రి హద్దుమీది వేళలతోను పరీక్షింపవలెను. పిమ్మట, యంత్రము ఎన్నుకొన్న దారిని చూపుమని అడుగవలెను. దాదాపు అన్ని డేటాబేసులలోను ప్రశ్నకు ముందు “ఎక్స్‌ప్లెయిన్” అనునట్టి మాటను చేర్చుట వంటి మార్గమేదో కలదు. గ్రంథమంతయు చదువుచున్నదో, ఇండెక్సును పట్టుకొన్నదో అందు తెలియును. అటుపిమ్మట చదివిన పుటలను లెక్కింపవలెను. గడియారమును మాత్రమే నమ్మరాదు. ఏలయనగా ఒకమారు చదివిన పుటలు యంత్రపు జ్ఞాపకములో నిలిచియుండును. రెండవమారు నడచిన ప్రశ్న, అది ఎంత చెడ్డదైనను, చురుకుగా తోచును. మొదట నడచినదానికి అన్యాయము జరుగును.

కడపట, నిజమైన పరిమాణముగల పట్టికపై చూడవలెను. నూరు పంక్తుల పట్టికపై అన్ని తీరులును సమానమే. రెండు పుటలలో ఇమిడిపోవు గ్రంథమునకు ఇండెక్సు ఏల? రెండున్నర కోట్లకు పెరిగినప్పుడుగాని భేదము బయటపడదు. దసరా, సంక్రాంతి దినములలో రద్దీ హెచ్చినప్పుడు ఒక్క ప్రశ్న కాదు, ప్రతి కౌంటరునుండియు ప్రశ్నలు ఒక్కమారు వచ్చిపడును. అప్పుడు ఒక్కొక్కటి మూడులక్షల పుటలు అడుగుచున్నచో అవి ఒకదానికొకటి అడ్డుపడును.

ఇండెక్సులను ఎన్ని కట్టిన అంత మేలని కూడ ఎంచరాదు. కొత్త ప్రయాణికుడు చేరిన ప్రతిమారును పట్టికతోపాటు ప్రతి ఇండెక్సును దిద్దవలసివచ్చును. అడుగువారి శ్రమ తగ్గినది వ్రాయువారి శ్రమగా పెరుగును. ఏడాది మొత్తమునకు ఏ సంస్థ విమానములలో ఎందరు పోయిరని అడిగినచో పంక్తులన్నియు కావలసినవే. అచట గ్రంథమంతయు వరుసగా చదువుటయే సరియైన దారి.

పహాణీ త్రిప్పు పట్వారీని అడిగినప్పుడు మన పెద్దలు, అతని పుస్తకము ఏ వరుసను వ్రాయబడియున్నదో ఎరిగి అడిగెడివారు. సర్వే నెంబరు చేతపట్టుకొని పోయినవానికి పని త్వరగా అయ్యెడిది. నేటి పుస్తకము కోట్ల పంక్తులకు పెరిగినను ఆ మర్యాద మారలేదు. అర్ధరాత్రి శంషాబాదులో తనవానిని సాగనంపి, అద్దముల కావలినుండి కన్నులు చిట్లించి చూచుచుండు తల్లికి ఈ పుటల లెక్క తెలియనక్కరలేదు. కాని తన కుమారుని పేరు వేగముగా కనబడుటయు, ఆతడెక్కిన విమానములో ఎక్కనివాని పెట్టె లేకుండుటయు, ఎవరో ఒకరు ప్రశ్నను సరిగా వ్రాయుటపై ఆధారపడియున్నవి.